మంచం దగ్గర అబద్ధం, సమాధి దగ్గర ధైర్యం

మా పెద్దమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడికలో వాక్యం చెప్పడానికి పక్క ఊరి నుంచి వచ్చిన దైవజనుడు ఒక మాటన్నారు. "ఈ తల్లి చుక్కంత భయం లేకుండా ప్రభువు దగ్గరికి వెళ్ళింది. నిజమైన విశ్వాసికి చావంటే భయం ఉండదు. భయం ఉందంటే విశ్వాసంలో ఎక్కడో లోపం ఉన్నట్టే." షామియానా కింద కూర్చున్నవాళ్ళంతా ఆమెన్ అన్నారు. ఆయన పెద్దమ్మని బతికుండగా ఒక్కసారీ చూడలేదు. సరే, అది పక్కన పెడదాం, ఇలాంటి కూడికల్లో మాట్లాడేవాళ్ళలో చాలామందికి పోయినవాళ్ళ పేరు ఫ్లెక్సీ మీద చూసే తెలుస్తుంది. నాకు మింగుడుపడనిది ఏమిటంటే, పెద్దమ్మ భయపడింది. బాగానే భయపడింది. రాత్రిళ్ళు ఆవిడ పక్కన పడుకున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు.

అప్పటినుంచి ఈ విషయం బుర్రలో తిరుగుతూనే ఉంది. నాకు అర్థమైనంతలో, మన సంఘాల్లో చావు గురించిన ధైర్యమంతా మనిషి పోయాకే బయటికొస్తుంది. సమాధి దగ్గర "ఓ మరణమా, నీ ముల్లెక్కడ?" అని గొంతెత్తి చదివే మనమే, నెలా రెండు నెలల ముందు ఆసుపత్రి వరండాలో డాక్టరు చేతులు పట్టుకుని "ఆవిడకి మాత్రం చెప్పకండి సార్" అని బతిమాలతాం. విశ్వాసం చావు భయాన్ని గెలిచిందా లేదా అని పరీక్ష పెట్టాలంటే అది మంచం మీద ఉన్న మనిషికి పెట్టేది కాదు. చుట్టూ నిలబడ్డ మనకి పెట్టాలి. ఆ మనిషికి నిజం చెప్పగలుగుతున్నామా? ఆ మనిషి "భయంగా ఉంది" అంటే వినగలుగుతున్నామా? ఈ రెండూ చేతకానప్పుడు తర్వాత ఎంత గట్టిగా పాడినా నాకు నమ్మకం కుదరదు.

అల్సర్ అని చెప్పారు

పెద్దమ్మ గుంటూరు జిల్లాలో ఒక మిషన్ స్కూల్లో టీచరుగా రిటైరైంది. ప్యాంక్రియాస్ క్యాన్సర్. తెలిసేసరికే ముదిరిపోయింది, ఆ జబ్బు సాధారణంగా అంతే. మా అన్నయ్య ఆవిడకి అల్సర్ అని చెప్పాడు. జీవితమంతా పిల్లలకి ఇంగ్లీషు చెప్పిన మనిషిని ఆంకాలజీ అని పెద్ద బోర్డున్న గది ముందు గంటల తరబడి కూర్చోబెట్టి అల్సర్ అంటే ఆవిడ నమ్ముతుందా? నమ్మినట్టు ఉండిపోయింది. మనం బాధపడతామని ఆవిడ, ఆవిడ బాధపడుతుందని వీళ్ళు, ఇల్లంతా ఒక నాటకం.

సంఘం నుంచి వచ్చిన అమ్మగార్లు చేతులు పట్టుకుని ప్రార్థన చేసి "స్వస్థత పొందుకున్నానని నోటితో ఒప్పుకోండి టీచరమ్మా" అనేవాళ్ళు. ఆవిడ ఒప్పుకునేది. ఒకరోజు మధ్యాహ్నం "నా బీరువా తాళాలు తీసుకురండి, ఏ చీర ఎవరికో చెప్తాను" అంది. వెంటనే వదిన "అవేం మాటలత్తయ్యా, విశ్వాసంతో మాట్లాడండి" అంది. ప్రేమతోనే అంది, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. కానీ ఆ ఒక్కమాటతో పెద్దమ్మ నోరు మూతపడింది. ఇక ఆవిడ చీరల ఊసెత్తలేదు, చావు ఊసూ ఎత్తలేదు. విశ్వాసం అనే మాటని ఒక మనిషి నోరు మూయించడానికి వాడటం నేను చూడటం అదే మొదలు కాదు గానీ, అంత దగ్గరగా చూసింది మాత్రం అప్పుడే.

తర్వాత ఒకరోజు మా పాత పాస్టరు గారు వచ్చారు. రిటైరైపోయారు, సరిగా నడవలేరు, ఆటోలో వచ్చారు. కాసేపు కరెంటు కోతల గురించీ పాత హెడ్మాస్టరు గారి గురించీ మాట్లాడి, ఉన్నట్టుండి "టీచరమ్మా, భయంగా ఉందా?" అనడిగారు. గదిలో అందరం గతుక్కుమన్నాం. పెద్దమ్మ మా అందరి వంకా ఒకసారి చూసి "ఉందయ్యగారూ" అంది. దేనికని అడిగారాయన. నేను నరకం గురించి అంటుందనుకున్నాను, లేదా తీర్పు గురించి. అవేవీ కాదు. మా చిన్నన్నయ్యకి పుట్టినప్పటినుంచీ బుద్ధి ఎదగలేదు, నలభై దాటినా వాళ్ళమ్మ కలిపి పెడితేనే తింటాడు. "వాడికి అన్నం ఎవరు కలిపి పెడతారు? నేను రానని వాడికి ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు?" అంది. ఇంకా ఆ నొప్పి, ముఖ్యంగా తెల్లవారుజామున వచ్చే నొప్పి అంటే భయం అంది.

అన్నాళ్ళూ మేం ఆవిడకి పరలోకం గురించి చెబుతున్నాం. ఆవిడకి పరలోకం మీద అనుమానం లేనే లేదు. ఆవిడ దిగులంతా చిన్నన్నయ్య కంచం గురించి.

పాస్టరు గారు ధైర్యవాక్యాలేవీ చదవలేదు. యేసు పట్టుబడే ముందు ప్రార్థించిన గెత్సేమనే తోట భాగం నెమ్మదిగా చదివి, ఊరికే కూర్చున్నారు. ఆ వారంలోనే ఇంటికొచ్చి మంచం దగ్గరే ప్రభు భోజనం ఇచ్చారు. ఆ తర్వాత పెద్దమ్మ లాయర్ని పిలిపించింది, ఇల్లు చిన్నన్నయ్య పేర రాసి పెద్దన్నయ్యని బాధ్యుడిగా పెట్టించింది, చీరలు పంచింది, తనకీ మా పిన్నికీ ఎప్పటినుంచో ఉన్న ఒక గొడవ తీర్చుకుంది. భయం పోయిందా అంటే, పోలేదు. చివరివరకూ రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. కానీ మనిషి కూడగట్టుకుంది.

తోటలో ఉన్నదెవరు

ఇక ఆ దైవజనుడి మాటకి వస్తే, భయం ఉంటే విశ్వాసం లోపించినట్టే అనే లెక్క ప్రకారం గెత్సేమనేలో ఉన్నాయన సంగతేమిటి? "నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది" అన్నాడు, అదీ మరణమయ్యేంతగా. శిష్యుల్ని తోడుగా మెలకువగా ఉండమని అడిగాడు, వాళ్ళు నిద్రపోతే నొచ్చుకున్నాడు, గిన్నె తొలగించమని ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ ప్రార్థించాడు. విషం గిన్నె అందుకుని స్నేహితులతో తాపీగా కబుర్లు చెప్తూ పోయిన సోక్రటీసు పక్కన పెట్టి చూస్తే, మన పోలికల్లో ధైర్యవంతుడు సోక్రటీసే అవుతాడు. లాజరు సమాధి దగ్గరా అంతే. ఇంకాసేపట్లో బతికిస్తానని తెలిసీ ఏడ్చాడు. మన కూడికల్లో అయితే ఎవరో ఒకరు ఆయన భుజం తట్టి "ఏడవకూడదు బ్రదర్, మనకి నిరీక్షణ ఉంది" అని ఉండేవారు.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాస్తూ మరణాన్ని కడపటి శత్రువు అన్నాడు. శత్రువు అన్నాడు గానీ చుట్టమనలేదు, నేస్తమనలేదు. శత్రువు ఇంట్లోకొస్తే ఒళ్ళు జలదరించడం సహజం. ఫిలిప్పీయులకు "చావైతే లాభము" అని రాసిన అదే ఉత్తరంలో, కాస్త కిందికి వెళితే, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్ళి బతికినందుకు తనకి దుఃఖం మీద దుఃఖం తప్పిందని ఊపిరి పీల్చుకుంటాడు. చావు నిజంగా లాభమే అయితే ఎపఫ్రొదితు పోయి ఉంటే సంతోషించాలిగా? పౌలు అంత సరళంగా ఆలోచించలేదు. మొదటి వాక్యాన్ని క్యాలెండర్ల మీద అచ్చేసుకున్నాం, రెండోది ఎవరూ అచ్చేయరు.

బైబిల్లో హెబ్రీ పత్రిక రెండో అధ్యాయం మరణభయం చేత జీవితకాలమంతా దాస్యంలో ఉన్నవాళ్ళని విడిపించడం గురించి చెబుతుంది. నేను దాన్ని ఇలా అర్థం చేసుకుంటాను: భయం రాదని కాదు, భయం చెప్పినట్టల్లా ఆడక్కర్లేదని. పెద్దమ్మకి అల్సర్ అని చెప్పించింది ఏమిటి? భయమే. ఆవిడది కాదు, మా ఇంట్లోవాళ్ళది. ఆ ఇంట్లో దాస్యంలో ఉన్నది రోగి కాదన్నమాట.

హిజ్కియాకి ముందు ఏం చెప్పారు

ఇక్కడ నాతో గొడవపడేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాటలో బరువుంది. స్వస్థత కోసం ప్రార్థించడం తప్పా? యాకోబు పత్రిక పెద్దల్ని పిలిపించి నూనె రాసి ప్రార్థన చేయించుకోమనలేదా? రోగికి "నువ్వు పోతావు" అని చెప్పి ఆశ చంపితే ఇక ప్రార్థనకి విలువేముంది? మా వదిన ఇదే అడిగింది, కొంచెం కోపంగానే.

ప్రార్థన తప్పని నేను అనను, నేనూ చేశాను. కానీ స్వస్థత కూటాల్లో అందరూ ఎత్తే, జబ్బుపడ్డ యూదా రాజు హిజ్కియా కథని మొదటినుంచి చదవమంటాను. ప్రవక్త యెషయా వచ్చి ముందు చెప్పిందేమిటి? నువ్వు బతకవు, చనిపోతావు, ఇల్లు చక్కబెట్టుకో. రాజుకి, మొహం మీద. హిజ్కియా గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించింది ఆ మాట విన్నాకే. పదిహేనేళ్ళ ఆయుష్షు ఆ తర్వాత వచ్చింది. మన ప్రసంగాల్లో పదిహేనేళ్ళు ఉంటాయి, ఇల్లు చక్కబెట్టుకోమన్న వాక్యం ఉండదు. నిజం చెబితే ప్రార్థన చచ్చిపోతుందంటారు గానీ ఆ కథలో ప్రార్థన పుట్టిందే నిజం వినడం వల్ల. (ఇంకో సంగతి, హిజ్కియా కొడుకు మనష్షే ఆయన తర్వాత రాజయ్యేనాటికి పన్నెండేళ్ళవాడు కాబట్టి ఆ అదనపు ఆయుష్షులోనే పుట్టి ఉండాలి, యూదా రాజుల్లో అంత చెడ్డవాడు దొరకడు. ఆయుష్షు పొడిగింపు ఎప్పుడూ ఆశీర్వాదమే అనుకునేవాళ్ళు దీన్ని గురించి కూడా ఒక ప్రసంగం చేస్తే బాగుండు.)

"నోటితో ఒప్పుకో" అన్న బోధతో నాకున్న పేచీ ఇదే. స్వస్థత రాకపోతే ఆ లోటు రోగి ఖాతాలో పడుతుంది. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి, నా విశ్వాసం చాలలేదేమో అని ఇంకో బరువు కూడా మోయాలి. కుటుంబానికి వీడ్కోలు చెప్పే టైము ఇద్దరి మధ్యా ఉన్న ఆ నటనలోనే అయిపోతుంది.

నెమ్మదిగా పోయినవాళ్ళంతా విశ్వాసులేనా

ఇంకో చిక్కు ఉంది. భయం లేకపోవడమే విశ్వాసానికి రుజువైతే, డేవిడ్ హ్యూమ్‌ని ఏం చేద్దాం? స్కాట్లండ్ తత్వవేత్త, మతం మీద నమ్మకం లేనివాడు. 1776 జూలైలో, చావుకి దగ్గరపడ్డాడని తెలిసి, రచయిత జేమ్స్ బాస్వెల్ పనిగట్టుకుని చూడటానికి వెళ్ళాడు, చివర్లోనైనా బెదురుతాడేమో చూద్దామని. హ్యూమ్ కులాసాగా ఉన్నాడు. పుట్టకముందు లేనందుకు నాకు బాధ లేదు, పోయాక ఉండననీ లేదు అన్నట్టు మాట్లాడాడు. బెదిరింది బాస్వెల్. ఆగస్టులో హ్యూమ్ అలాగే నెమ్మదిగా పోయాడు.

అదే బాస్వెల్ దేవుడిలా చూసుకున్న ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ గట్టి క్రైస్తవుడు, ప్రార్థనలు రాసుకున్నవాడు. ఆయనకి చావంటే జీవితమంతా వణుకు. తీర్పులో తప్పుతానేమో, నరకానికి పోతానేమో అని బాహాటంగానే చెప్పుకున్నాడు. ఆదరణ కూడిక లెక్కల్లో హ్యూమ్ పాసు, జాన్సన్ ఫెయిలు.

నాకు మాత్రం జాన్సన్ ఆఖరి రోజులే ఎక్కువ నచ్చుతాయి. 1784 డిసెంబరులో తన డాక్టర్ని సూటిగా అడిగాడు, కోలుకుంటానా లేదా దాచకుండా చెప్పమని. అద్భుతం జరిగితే తప్ప కష్టం అన్నాడు డాక్టరు. అయితే ఇక మందులు వద్దు, మత్తుమందు కూడా వద్దు, తేటగా ఉన్న ఆత్మని దేవుడికి అప్పగించాలని ప్రార్థిస్తున్నాను అన్నాడాయన. (మత్తుమందు సంగతి నేను ఒప్పుకోను, దాని గురించి కింద చెప్తాను.) జీవితమంతా వణికిన మనిషికి నిజం తెలిశాక ఏం చెయ్యాలో తెలిసింది. కొందరు పుట్టుకతోనే నిబ్బరంగా ఉంటారు, కొందరు బల్లిని చూసి కూడా అరుస్తారు. అది స్వభావం. దాన్ని రక్షణకి కొలమానం చేయడం అన్యాయం.

యూరప్‌లో ప్లేగు ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టాక, పదిహేనో శతాబ్దంలో, మంచి చావు ఎలా చావాలో చెప్పే చిన్న పుస్తకాలు వచ్చాయి. మంచం మీద ఉన్నవాడిని సాతాను ఐదు రకాలుగా శోధిస్తాడని అందులో రాశారు. అవిశ్వాసం, నిరాశ, అసహనం, ఆస్తి మీద మమకారం మనం ఊహించేవే. ఐదోది చూడండి, ఆత్మసంబంధమైన గర్వం. నేను ఎంత భక్తిగా పోతున్నానో చూడండి అనుకోవడం. ఆ కాలంవాళ్ళు దాన్ని శోధన అన్నారు. మనం మైకులో పొగుడుతున్నాం.

వెంటిలేటరు లెక్క

నన్ను బాగా కుదిపేసింది మాత్రం 2009లో అమెరికా వైద్యుల సంఘం పత్రిక జామాలో వచ్చిన ఒక అధ్యయనం. ముదిరిన క్యాన్సరున్న 345 మందిని చూశారు. కష్టాన్ని ఎదుర్కోవడానికి దేవుడి మీద ఎక్కువగా ఆధారపడేవాళ్ళు, తక్కువగా ఆధారపడేవాళ్ళ కంటే ఆఖరి వారంలో వెంటిలేటరు మీద ఎక్కువగా ఉన్నారు, 11.3 శాతానికి 3.6 శాతం. మూడింతలు. చావుకి అందరికంటే తక్కువ భయపడాల్సినవాళ్ళే గొట్టాల్ని అందరికంటే ఎక్కువ పట్టుకున్నారు.

దీన్ని భయానికే కట్టేయడం తొందరపాటు అవుతుంది. ప్రాణం దేవుడిచ్చింది, మనం వదులుకోకూడదు అనే భక్తి ఉండొచ్చు. ఆఖరి నిమిషంలోనైనా ఆయన చేస్తాడనే ఎదురుచూపు ఉండొచ్చు. అది అమెరికా, మన దగ్గర వెంటిలేటరుకి ముందు అడ్వాన్సు కట్టమంటారు కాబట్టి లెక్క వేరుగా ఉండొచ్చు. అయినా మన ఆసుపత్రుల్లో "దేవుడు అద్భుతం చేస్తాడు, ఆపకండి" అంటూ పొలం అమ్మి ఐసీయూకి కట్టినవాళ్ళని నేను చూశాను. పునరుత్థానం ఉందని నమ్మేవాళ్ళకి ఈ ఊపిరి ఒక్కటే చివరిది కాదు కదా అని అడగాలనిపిస్తుంది, ఆ సమయంలో ఎవరం అడగలేం.

క్రైస్తవ విశ్వాసం ఇటువైపు కూడా పనిచేసింది. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ నర్సుగా మొదలై, తర్వాత సోషల్ వర్కరై, చివరికి డాక్టరు చదివి, 1967లో లండన్‌లో, చావుకి దగ్గరపడ్డవాళ్ళని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. భక్తురాలు. చావబోయేవాళ్ళకి నొప్పి వచ్చాక కాదు, రాకముందే వేళకి మార్ఫిన్ ఇవ్వాలంది. నొప్పి ఒళ్ళుదే కాదు, మనసుదీ ఇంటిదీ ఆత్మదీ కలిపి చూడాలంది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడం గగనమైపోయింది, 2014లో సవరించాక కొంత దారి తెరిచారు. పెద్దమ్మ తెల్లవారుజాము భయానికి మందు మాత్ర రూపంలో ఉంది. అది ఇప్పించడం కూడా భక్తే అని నేను నమ్ముతాను, అందుకే జాన్సన్‌తో పేచీ.

లూథరు అడిగిన ప్రశ్న

1842లో హేయర్ దొర గుంటూరొచ్చి మొదలుపెట్టిన మిషను నుంచి పెరిగిన లూథరన్ సంఘం మాది. పదహారో శతాబ్దపు జర్మన్ మతసంస్కర్త లూథరు పేరు రోజూ వింటాం గానీ ఆయన ఇంట్లో జరిగిన చావు గురించి నేను గుడిలో ఎప్పుడూ వినలేదు. 1542 సెప్టెంబరులో ఆయన కూతురు మగ్దలేనా జబ్బుపడింది. పదమూడేళ్ళ పిల్ల. లూథరు ఆ పిల్లనే అడిగాడు, ఇక్కడ ఈ నాన్న దగ్గర ఉంటావా, అక్కడున్న తండ్రి దగ్గరికి వెళ్తావా అని. దేవుడు ఎలా అంటే అలా నాన్నా అంది. మంచం పక్కన మోకాళ్ళ మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన చేతుల్లోనే పోయింది. పిల్ల హాయిగా ఉందని తెలుసు, అయినా ఇంత దుఃఖం రావడం చూస్తే విచిత్రంగా ఉంది అన్నాడట.

పదమూడేళ్ళ పిల్లకి అబద్ధం చెప్పలేదు. తన ఏడుపూ దాచలేదు. నేను విశ్వాసం అనేది దీన్ని.

ఇదంతా ఆలోచించాక ఇంట్లో కొన్ని మాటలు మాట్లాడుకున్నాం. ప్రాణాధార చికిత్స గురించి ముందే రాసుకునే కాగితాన్ని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు ఉంటే చాలు. నాదీ మావారిదీ రాసిపెట్టాం. నాకు ఏ జబ్బు వచ్చినా నాకే ముందు చెప్పాలని, చూడటానికొచ్చే సంఘంవాళ్ళు ప్రార్థనకి ముందు ఏమనిపిస్తోందో అడగాలని పిల్లలకి చెప్పాను. మా పాస్టరు గారితో కూడా అన్నాను. ఆయన కుర్రాడు, "అలా అడిగితే ఇంట్లోవాళ్ళు కొడతారండీ" అని నవ్వి, తర్వాత కాసేపటికి "మా సెమినరీలో భూస్థాపన ఆరాధన ఎలా నడపాలో నేర్పారు గానీ ఇది నేర్పలేదు" అన్నారు.

మా అత్తయ్యని కూడా అడిగాను. ఎనభై దాటాయి, రోజూ తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేసుకునే మనిషి. నేను ఇంత ఉపన్యాసం చెప్పాక ఆవిడ పప్పులో రాళ్ళేరుతూనే "నాకు మాత్రం చెప్పకండమ్మా. వాడికి చెప్పండి చాలు, నేను ప్రార్థన చేసుకుంటూ పోతా" అంది. ఎందుకత్తయ్యా అంటే, "తెలిస్తే రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను, నా సంగతి నాకు తెలుసు" అంది. నా వాదనంతా అక్కడ కొంచెం తడబడింది. అయితే ఇది ఆవిడ నోటితో ఆవిడ చెప్పిన మాట, ఎవరో వరండాలో నిలబడి ఆవిడ తరఫున తీసుకున్న నిర్ణయం కాదు. కాబట్టి మావారూ నేనూ అలాగే అని ఒప్పుకున్నాం. ఆవిడ ఎవరికేవి ఇవ్వాలో మాత్రం ఇప్పుడే చెప్తానని, పెద్ద కోడలికి రెండుపేటల గొలుసు, నాకు కుట్టుమిషను అని లెక్క చెప్పడం మొదలుపెట్టింది.